అత్త మెడ, నా మెడ

మా అత్త చనిపోయిన దినం ఆమెకు కడసారి నీళ్లు పోసేదానికి వచ్చిన ఆడవాళ్లు ముఖం కడిగినారు, భుజాలు కడిగినారు, మెడ దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి తీసుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను మేకలదొడ్డి కంప పక్కన నిలబడి చూస్తా ఉన్నాను. అప్పుడు మా అవ్వ లేచి వచ్చింది. తడిగుడ్డ తీసుకుని, కూతురి తలను ఒళ్లో పెట్టుకుని, మెడ చుట్టూ తానే తుడిచింది. చాలాసేపు తుడిచింది. ఆ నలుపు పోలేదు. పోతాదని అవ్వ కూడా అనుకోలేదేమో.

ఆ గుంపులో ఉన్న ఒక ముసలామె పక్కనామెతో మెల్లగా అనిన మాట నాకు వినబడింది. "ఈ నీడ ఊరికే పోయేది కాదు. ఇంట్లో ఇంకో మెడ చూసుకుంటాది."

నేనప్పుడు చిన్నబళ్లో చదువుకుంటా ఉన్నాను. ఆ మాటకు అర్థం పూర్తిగా తెలీలేదు గానీ, చెయ్యి మాత్రం దానంతట అది నా మెడ మీదికి పోయింది.

అత్త అంటే మా నాయనకు అక్క. ఇంట్లో పెద్దబిడ్డ. కృష్ణగిరి దిక్కున, కల్లావి సంతకు నడిచి పోయేంత దూరంలో మా ఊరు. మాకు మేకలు, గొర్రెలు, కొంచెం మెట్ట నేల. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, సంతలో రెండూ. అత్తను సామల్పట్టి అవతల ఒక ఊరికి ఇచ్చినారు. పెండ్లయిన కొన్నేండ్లకే ఆమెను తెచ్చి మా ఇంటి ముందర వదిలి పోయినారు. బిడ్డలు లేరు. నెలలు నెలలు ఆమె బయట చేరేది కాదు. అదొక్కటైతే ఇంకా కొన్నాళ్లు ఓర్చుకునేవాళ్లేమో. ఆమె మెడ నల్లబడతా వచ్చింది. చంకలు నల్లబడినాయి. గడ్డం కింద వెంట్రుకలు మొలిచినాయి.

దానికి ఆ ఊరివాళ్లు ఒక కథ కట్టినారు. పొద్దుగూకేటప్పుడు ఆమె కట్టెలమోపుతో సామల్పట్టి రైలుదావ దాటిందంట. అంతకుముందు ఎప్పుడో అదే చోట ఒకామె రైలు కింద పడి చచ్చిపోయిందంట. ఆ చచ్చినామె వెనక నుంచి వచ్చి అత్త మెడ పట్టుకుందంట. ఆ చెయ్యి పడిన చోటంతా నల్లగా అయ్యిందంట. కథ మా ఊరిదాకా వచ్చేసరికి ఇంకా పెరిగింది. చూసినవాళ్లు కూడా ఉన్నారని చెప్పుకున్నారు. మంత్రం వేసేవాళ్లు వచ్చి ఆమె మెడకు నల్లదారం కట్టినారు. దారం పాతబడితే ఇంకొకటి కట్టినారు. నలుపు మీద నలుపు.

అత్త ఇంట్లో పండుకునేది కాదు. దొడ్డి పక్కన ఒక పందిరి ఉండేది, ఆడ ఆమె మంచం. నేను ఎవరూ చూడనప్పుడు ఆ మంచం మీదికి పోయి ఆమె పక్కన కూర్చునేదాన్ని. మేకలవాసన, ఆముదం వాసన కలిసి ఉండేది ఆమె దగ్గర. ఆమె మెడ మీద ఎప్పుడూ ఒక తువాలు. ఒకసారి నేను అడిగితే తువాలు తీసి చూపించింది. వేలు పెట్టి తాకినాను. ముడతలు ముడతలుగా, మందంగా, మఖమల్ గుడ్డ మాదిరి మెత్తగా ఉండింది. నాకు భయం వెయ్యలేదు. బాగుందని కూడా అనిపించింది. అదే చెప్పినాను. అత్త నవ్వి తువాలు మళ్లీ కప్పుకుంది.

పొద్దున తొట్టి దగ్గర ఆమె ఒళ్లు కడుక్కునేటప్పుడు చూసేదాన్ని. ఇటుకపొడి, టెంకాయపీచు. మెడను ఎంతగా రుద్దేదంటే ఎర్రటి చుక్కలు లేచేవి. కాల్లో ముళ్లు తీసే చిమటాతోనే గడ్డం కింద వెంట్రుకలు పీక్కునేది. ఇంకొకటి కూడా నాకు జ్ఞాపకం. ఆమెకు తీరని దప్పిక. మేకలను తోలుకు పోయేటప్పుడు అందరూ ఒక బుడ్డి నీళ్లు తీసుకు పోతే ఆమె కుండంత తీసుకు పోయేది, అయినా ఊర్లోకి వచ్చేసరికి నాలుక ఎండి ఉండేది. పందిరి వెనకాల ఆమె ఒంటికి పోయే చోట చీమలు బారులు కట్టి ఉండేవి. ఆ చీమలు కూడా నీడ పనే అని అనుకున్నారు.

చివరికి కాల్లో దిగిన ఒక తుమ్మముల్లు ఆమెను తీసుకు పోయింది. పుండు మానలేదు. ఆకులు కట్టినారు, పసుపు పెట్టినారు. కాలు నల్లబడి వాసన వచ్చినాక నాయన బండి మాట్లాడి కృష్ణగిరికి ఎత్తుకు పోయినాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. షుగరు ఉందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పినాడంట. ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది గానీ, దానికి మా ఇంట్లో కూర్చునే చోటు దొరకలేదు. అత్త నీడ పట్టి పోయింది. ఊరంతటికీ తెలిసింది అదే.

నేను పెద్దమనిషినైన కొన్నాళ్లకు, తొమ్మిదో క్లాసులో అనుకుంటా, బళ్లో నా వెనక బెంచీలో కూర్చునే పిల్ల నా జడ పక్కకు జరిపి, నువ్వు మెడకు సోపు వెయ్యవా అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పినాను. అమ్మ నన్ను వెలుతురులోకి లాగి, తల వంచి చూసి, నీళ్లు కాచింది. నిమ్మచెక్క, ఉప్పు, శెనగపిండి. మెడ మండిపోయింది. మరుసటి దినం అట్లనే ఉండింది. నలుపు ఇంకా కొంచెం ఎక్కువైనట్టు కూడా అనిపించింది.

అంతవరకు పొద్దున నాకు జడ వేసేది అవ్వ. ఆ వారంలో ఒక పొద్దున జడ వేస్తా వేస్తా ఆమె చేతులు ఆగిపోయినాయి. వెనక్కి తిరిగి చూసేదానికి నాకు ధైర్యం రాలేదు. సగం అల్లిన జడను అవ్వ అట్లనే వదిలేసి లేచి పోయింది. మిగిలింది అమ్మ అల్లింది. ఆ తర్వాత అవ్వ నాకు జడ వెయ్యలేదు. నన్ను దొడ్డి పక్కన పండుకోమని ఎవరూ అనలేదు. రైలుదావ దిక్కుకు మాత్రం పోనిచ్చేవాళ్లు కాదు. పెండ్లిచూపుల మాట వస్తే నాయన, చదవనీలే అనేవాడు. ఇంట్లో అందరం ఒక మాట చుట్టూ తిరిగి తిరిగి నడిచినట్టు నడిచినాము, దాన్ని తొక్కకుండా.

చదువు అయినాక హోసూరికి వచ్చినాను. ఎలక్ట్రానిక్ సామాన్లు కూర్చే కంపెనీలో లైను మీద పని. జూజువాడి దిక్కున ఒక మేడ మీద రూము, నాతో పాటు పలమనేరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీల హారన్లు పగలంతా వినబడతా ఉండేవి. కొత్త ఊరు కదా, నీడ ఈడిదాకా రాదులే అనుకున్నాను.

మా లైనులోకి పోవాలంటే జుట్టంతా టోపీలోకి దోపుకోవాల. ఒక్క వెంట్రుక బయట ఉన్నా సూపర్‌వైజరమ్మ వెనక్కి పంపిస్తాది. జడ కిందికి వేసి మెడ కప్పుకునేదానికి దావ లేదు. కోటు కాలరు పైకి లాగితే అదీ మడవమంటారు. వరస వరసగా కూర్చుని తల వంచి పని చేస్తాము. నా వెనక ఎప్పుడూ ఒకరు కూర్చుని ఉంటారు. వాళ్లకు ఎదురుగా కనబడేది నా మెడ.

అత్త నా దగ్గరికి రావడం ఆ లైనులోనే మొదలైంది.

మొదట మెడ మీద ఎవరో చూస్తున్నట్టు ఉండేది. చూస్తానే ఉంటారు, వెనక మనిషి ఉంది కదా అని సర్దుకున్నాను. కానీ టీకి లేచినప్పుడు, వెనక కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అది పోలేదు. ఏసీ చల్లదనంలో మెడ మీద మాత్రం వెచ్చగా ఊపిరి తగిలేది. ఆముదం వాసన వచ్చేది. ఆ హాలులో ఏ వాసనా ఉండేదానికి లేదు, సెంటు కూడా పూసుకు రాకూడదు. ఒకసారి బాత్రూములో చెయ్యి కడుక్కుంటా తల ఎత్తితే అద్దంలో నా ముఖం అత్త ముఖంగా కనబడింది. కొంచెం లావైన బుగ్గలు, గడ్డం కింద నీలిగా మొలకలు, మెడ మీద చారలు. నేను అప్పటికి ఆమె చనిపోయిన వయసుకు ఇంకా దూరంగానే ఉన్నాను. ఆమెకు ఆ వయసులో అద్దం ఉండిందో లేదో. నేను కళ్లు మూసుకుని తెరిచినాను. ఆ ముఖం మారలేదు. అది నాదే.

నాలుగు నెలలు, ఐదు నెలలు నాకు బయట చేరకపోవడం అప్పటికే అలవాటైపోయింది. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. అత్తకు కూడా అట్లనే అని నాకు తెలుసు. చెబితే నిజమైపోతాదని భయం.

జూజువాడిలో ఒక మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చినాడు. రాసిన కొన్నాళ్లకు మెడ తెల్లబడింది. నేను నమ్మలేకపోయినాను. అమ్మకు వీడియో కాల్ చేసి మెడ చూపించినాను. అవ్వను పిలువు అన్నాను. అమ్మ ఫోను పట్టుకు పోయింది గానీ అవ్వ రాలేదు, దొడ్డిలో పని ఉందనింది. ఇంకో రెండు ట్యూబులు వాడేసరికి తోలు కాగితం మాదిరి పలచనైపోయింది. ఎండ తగిలితే మంట. ఎర్రగా నరాలు కనబడినాయి. రాయడం ఆపితే నలుపు ముందుకంటే ముదురుగా తిరిగి వచ్చింది, పక్కనంతా పాలిపోయి ఉంటే మధ్యలో అది. ఆ దినం అద్దంలో నాకు ఒక చేతి వేళ్లు కనబడినాయి. మెడను పట్టుకున్న నాలుగు వేళ్లు. రైలుదావ కథను నేను ఎప్పుడూ నమ్మలేదనే అనుకున్నాను.

రూములో ఉండే పలమనేరు అమ్మాయే నన్ను లాక్కు పోయింది. ఆమెకు కథ ఏమీ చెప్పలేదు. నేను స్నానానికి పోయి బయటికి రాకపోతే తలుపు కొట్టింది. తీస్తే నా చేతిలో రాతిముక్క, మెడ మీద రక్తం. ఆమె తిట్టలేదు. రక్తం తుడిచి, చొక్కా మార్చుకోమని చెప్పి, ఆటో పిలిచింది.

డాక్టరమ్మ చర్మం డాక్టరు. తమిళంలో మాట్లాడింది. నా మెడ చూసింది, చంకలు చూసింది, చేతి వేళ్ల కణుపులు చూసింది. తర్వాత చర్మం గురించి ఒక్క మాట అడగలేదు. నెలసరి ఎట్లా వస్తాదని అడిగింది. గడ్డం మీద వెంట్రుకలు ఎప్పట్నుంచి అని అడిగింది. చూడకుండానే అన్నీ తెలిసినట్టు అడుగుతా ఉంది. మంత్రం వేసేవాళ్లు కూడా అట్లనే అడిగేవాళ్లు.

"ఇది మురికి కాదమ్మా," అనింది. "రుద్దితే పోదు, ఎక్కువవుతాది. ఆ ట్యూబు ఇంక ముట్టుకోవద్దు. ఇది లోపలి నుంచి వచ్చేది. నీ ఒంట్లో ఇన్సులిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉన్నట్టుంది. అది ఎక్కువైతే మడతలు పడే చోట తోలు మందమవుతాది, నల్లబడతాది. నెలసరి తప్పేదానికీ, వెంట్రుకలకూ కారణం దీనికి చుట్టమే. స్కాను, రక్తం చూస్తే తెలుస్తాది."

తర్వాత, రాసుకుంటానే, మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉందా అని అడిగింది.

"మా అత్తకు ఉండేది," అన్నాను.

"ఇప్పుడెట్లా ఉన్నారు?"

"లేరు. కాల్లో పుండు పడి పోయింది."

డాక్టరమ్మ రాయడం ఆపింది. దప్పిక ఎక్కువగా ఉండేదా అని అడిగింది. నేను కుండ చెప్పినాను. చీమలు చెప్పినాను. ఆ చీమలు నా కళ్ల ముందర పోతా ఉన్నాయి, పందిరి వెనకాల, బారులు బారులుగా. డాక్టరమ్మ కొంచెంసేపు నా ముఖం చూసి, మీ అత్తకు షుగరు ఉండి ఉంటాది, చానా ఏండ్లుగా ఉండి ఉంటాది అని మెల్లగా చెప్పింది. మెడ నలుపు దానికి ముందరే వచ్చి చెప్పే గుర్తు అనింది. ఎవరైనా ఆ గుర్తును చదివి ఉంటే బాగుండేది అనింది.

స్కానులో అండాశయాల మీద చిన్న చిన్న నీటిబుడగలు మాదిరి కనబడినాయి. పీసీఓఎస్ అని రాసినారు. రక్తంలో షుగరు ఇంకా రాలేదు, అంచు మీద ఉంది. మాత్ర రాసిచ్చినారు. నడవమన్నారు. అన్నం తగ్గించి పప్పు, కూర, రాగి పెంచమన్నారు. నలుపు పోవడానికి నెలలు పట్టొచ్చు, పూర్తిగా పోతాదని మాట ఇవ్వలేనని కూడా చెప్పినారు.

బయటికి వచ్చినాక పలమనేరు అమ్మాయి, చూసినావా, ఏమీ లేదు, మందు ఉండాది అని నవ్వింది. నేను కూడా నవ్వాల కదా. నవ్వు రాలేదు. ఇన్నేండ్లు నా మెడ పట్టుకుని ఉన్నది ఎవరో ముఖం తెలీని రైలుదావ దయ్యం. ఆ దినంతో అది వదిలిపోయింది. దాని చోట అత్త వచ్చి నిలబడింది. తువాలు తీసి మెడ చూపిస్తాది, అంతే.

మాత్ర మొదట్లో కడుపును తిప్పేసేది. కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వాంతి ఆపుకుంటా పోయేదాన్ని. డాక్టరమ్మ మోతాదు తగ్గించి మెల్లగా పెంచింది. షిఫ్టు అయినాక నడిచేదాన్ని, హైవే పక్క సర్వీసు రోడ్డులో, టైరుపంక్చరు అంగళ్లు, టీ అంగళ్లు దాటి చెక్‌పోస్టు దాకా పోయి రావడం. క్యాంటీనులో అన్నం వడ్డించే అక్క గరిటె ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఏమమ్మా, కోపమా అనేది. గడ్డం మీద వెంట్రుకలు దారంతో తీయించుకున్నాను. కొన్ని వారాలు బాగా జరిగేది, కొన్ని వారాలు ఏమీ చేతకాక బిస్కెట్లు తిని పండుకునేదాన్ని. నడిచేటప్పుడు వెనక అడుగుల చప్పుడు వినబడేది. లారీల మోతలో వినబడేదానికి లేదు, అయినా వినబడేది. గొర్రెలను తోలేటప్పుడు అత్త నడిచే నడక, ఒక కాలు కొంచెం ఈడ్చి. నేను వేగం పెంచితే అది వెనకబడేది. అప్పుడు నాకే పాపం అనిపించి మెల్లగా నడిచేదాన్ని.

ఒక నెల బయట చేరినాను. మరుసటి నెల కూడా. మెడ మీద మందం తగ్గింది. వేలు పెడితే మఖమల్ తగల్లేదు, తోలే తగిలింది. రంగు కొంచెం వెనక్కి పోయింది. సంతోషపడాల్సిన చోట నాకు ఏదో చేజారినట్టు ఉండింది. ఆమె నాకు మిగిల్చినది అదొక్కటే కదా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది.

మామిడికాయల కాలంలో ఇంటికి పోయినాను. కృష్ణగిరిలో బస్సు మారి, కాయల లారీల వెనక నిదానంగా పోయి చేరేసరికి మధ్యాహ్నం. నాయన తోపులో కూలికి పోయి అప్పుడే వచ్చినాడు. తొట్టి దగ్గర వంగి తల మీద నీళ్లు పోసుకుంటా ఉన్నాడు. చొక్కా లేదు. నేను బ్యాగు కింద పెడతా చూసినాను.

మా నాయన మెడను నేను పుట్టినప్పట్నుంచీ చూస్తా ఉన్నాను. ఆ మెడ మీద ఎక్కి సంతకు పోయినాను. నల్లగా, మడతలు మడతలుగా ఉంటాదని నాకు తెలుసు. తెలిసి ఉండి, ఆ దినం దాకా చూడలేదు.

"నాయనా, తల అట్లనే వంచు," అన్నాను.

ఏమి అన్నాడు. నేను దగ్గరికి పోయి వేలు పెట్టినాను. మెత్తగా, మందంగా. చంక ఎత్తి చూపించమన్నాను. ఆడా అదే. ఎండకమ్మా, ఎండలో పని చేసేవాడి మెడ ఇంకెట్లుంటాది అని నవ్వినాడు. ఎండ చంకలోకి యాడ పోతాది అన్నాను. ఆయన నవ్వడం ఆపినాడు.

అవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. చింతకాయలు కొడతా ఉన్న చేతిని ఆపింది.

"నాకు తెలుసు," అనింది. "వానికి వయసు వచ్చినప్పట్నుంచే ఉండాది."

"మరి అత్తను అన్నారు కదా. నాయనను ఎవురూ ఎందుకు అనలేదు?"

అవ్వ రాయి పక్కన పెట్టింది. "మగోడి మెడ ఎవురు చూస్తారమ్మా?"

ఆ మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను ఆ తొట్టి పక్కనే కూర్చుండిపోయినాను. ఒకే కడుపున పుట్టినారు. ఒకే నలుపు. ఒకరికి అది దయ్యం, ఒకరికి అది ఎండ.

రెండు దినాలకు నాయనను కృష్ణగిరికి పిలుచుకు పోయినాను. రానన్నాడు. నాకేమి, రాయి మాదిరి ఉండాను అన్నాడు. దప్పిక అవుతాదా అంటే మాట మార్చినాడు. కాళ్లు చూపించమంటే చెప్పులు విడవడానికి సిగ్గుపడినాడు. మడమ దగ్గర ఒక పగులు, ఎప్పట్నుంచో మానలేదంట, తిమ్మిరి వల్ల నొప్పి కూడా తెలీదంట. అది చూసినాక నేను ఇంక అడగలేదు, చెయ్యి పట్టుకుని బస్సెక్కించినాను.

రక్తం చూసిన చోట షుగరు చానా ఎక్కువ ఉందని చెప్పినారు. పుండు శుభ్రం చేసి కట్టు కట్టినారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కష్టమయ్యేదని, ఇప్పుడు కాపాడుకోవచ్చని అన్నారు. మాత్రలు ఇచ్చినారు. నాయన అన్నిటికీ తల ఊపినాడు. బస్టాండుకు వచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక అడిగినాడు.

"అక్కకి ఇదేనా?"

"ఇదే నాయనా."

మా బస్సు వచ్చింది, పోయింది. నాయన లేవలేదు. మామిడికాయల గంపలు ఎక్కిస్తున్న ఇంకో బస్సు దిక్కు చూస్తా, చెప్పినాడు. "ఆమెకు దొడ్డి పక్కన పందిరి వేసింది నేనే. నువ్వు అప్పుడు పాలు తాగే బిడ్డ. నీ మీద పడతాదని భయపడి వేసినాను. ఎందుకురా అని అక్క అడగలేదు. గుంజలు పాతేటప్పుడు వచ్చి పట్టుకునింది."

ఆయన చేతిలోని మాత్రల సంచిని తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఆ తువాలునే మెడ చుట్టూ వేసుకున్నాడు. ఆ నిముషంలో ఆయన కూర్చున్న తీరు, భుజాలు ముందుకు వంగి, అచ్చంగా అత్తే. నేను చూపు తిప్పుకున్నాను.

ఆ తర్వాత నాయన మాత్రలు వేసుకుంటా ఉన్నాడు. ఫోనులో అడిగితే వేసుకున్నానంటాడు, వెనక నుంచి అమ్మ లేదని అరుస్తాది. కాలి పుండు మానింది. కాయల కాలంలో మాత్రం ఆయనను ఎవరూ ఆపలేరు, తోపులో ఉన్నంతసేపు ఏమి తింటాడో దేవుడికే తెలుసు. నా మెడ ఇప్పుడు సగం నలుపు, సగం నా రంగు. డాక్టరమ్మ ఒక క్రీము ఇచ్చింది, దానికి తొందర లేదనింది. లైనులో నా వెనక ఒక కొత్త అమ్మాయి కూర్చుంటాది. టోపీ సరిగ్గా పెట్టుకుని, తల వంచి పని చేసుకుంటాను.

పోయినసారి ఇంటికి పోయినప్పుడు అవ్వ నన్ను దొడ్డిలోకి పిలిచింది. పందిరి ఎప్పుడో తీసేసినారు, ఆ చోట ఇప్పుడు మేకపిల్లలను కడతారు. అవ్వ ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని దాని చెవిలో గోమార్లు ఏరతా, నా దిక్కు చూడకుండా అడిగింది.

"నువ్వు మింగే మాత్ర, మీ నాయన మింగే మాత్ర. మీ అత్త ఉన్నప్పుడు అది ఉండిందా?"

లేదని చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. అవ్వ చెయ్యి ఆపి ఎదురుచూస్తా ఉంది. ఈ ఇంట్లో ఆమెకు ఇప్పటికే చానా కథలు చెప్పినారు.

"ఉండిందవ్వా," అన్నాను.

"యాడ దొరికేది?"

"కృష్ణగిరిలో. ఊత్తంగరైలో కూడా దొరికేది."

అవ్వ తల ఊపింది. ఊత్తంగరై బస్సు మా ఊరి దావ మీదనే పోతాది, దాని హారను దొడ్డిలోకి వినబడతాది.

"అంత దగ్గిరలోనా," అనింది.

మేకపిల్ల ఆమె ఒళ్లోనుంచి దూకి తల్లి దగ్గరికి పోయింది. అవ్వ చేతులు అట్లనే చాపి కూర్చుని ఉండింది. నేను కూడా ఆమె పక్కన కింద కూర్చున్నాను. ఆముదం వాసన వచ్చింది. ఈసారి అవ్వకు కూడా వచ్చినట్టుంది, తల ఎత్తి చుట్టూ చూసింది.